నలభై రెండో పుట

నలభై ఒక్క పుటలు, అంతే.
చీజ్ ధరలు, పాలు పోసే రైతుల లెక్క,
సావ్ జోర్జ్ దీవికి పడవ ఎప్పుడొస్తుందో
ఎప్పుడు రాదో.
ఈ దీవిలాగే సన్నగా, పొడుగ్గా
మా సహకార సంఘం సైటు:
ఆ కొసనుంచి ఈ కొసకి ఒక పూట నడక.

సోమవారం పొద్దున్నే ఒలావు ఫోను.
"గ్రాసియేట్, మన చీజ్ కోసం వెతికితే
జపాను అక్షరాల్లో చేతిగడియారాలొస్తున్నాయేమిటి?"

సైట్‌మ్యాప్ తెరిచాను.
పదకొండు వేల ఆరువందల నలభై లింకులు.
పరుగు బూట్లు, నిద్రమాత్రలు,
ఎవరూ కుట్టని తోలు సంచులు,
అన్నిటి ముందూ మా సంఘం పేరే.
మా గోడ మీద ఎవరో రాత్రికి రాత్రి
పదకొండు వేల తలుపులు గీసిపోయారు,
ఒక్కదాని వెనకా గది లేదు.
సెర్చ్ ఇంజన్ మాత్రం బుద్ధిమంతుడైన పోస్టుమాన్‌లా
ప్రతి తలుపూ కొట్టి, నంబరు రాసుకుని పోయింది.

చెరిపి కొత్త పటం రాశాను. నలభై ఒకటి.
ఇల్లలకగానే పండగైపోదు కదా.
తెల్లారేసరికి మళ్లీ పదకొండు వేలు,
పైగా ముప్పై కొత్తవి. గొడుగులు.

అంటే తప్పు పటానిది కాదు,
దాన్ని గీసే చెయ్యి ఇంకా ఇంట్లోనే ఉంది.

ఫొటోల ఫోల్డరులో, ఆవుల బొమ్మల నడుమ
బొమ్మ పేరు పెట్టుకున్న ఫైలొకటి,
తెరిస్తే బొమ్మ లేదు.
రోజూ వేకువన మూడూ పదికి లేచి
పటం తిరగరాసి మళ్లీ పడుకునేది.
యజమానుల పట్టికలో నా పేరు కింద
ఎవరిదో ఈమెయిలు. అతనూ యజమానేనట!
మూడేళ్లుగా మార్చని నా పాస్‌వర్డు
మా పిల్లి పేరు, పక్కన ఒకటి.
దొంగని తిడుతున్న నోరు
అక్కడ కాస్త మూతపడింది.

మధ్యాహ్నం చీజ్ మాగే గదికి వెళ్లాను.
ఒలావు చిన్న సుత్తితో
ఒక్కో చక్రాన్నీ తట్టి చెవి ఆనిస్తున్నాడు.
గట్టిగా పలికితే పై బల్ల, బోలుగా పలికితే పక్కకి.
"చూపుకి అన్నీ ఒకటే, పగులు లోపలుంటుంది.
నీవాటికి సుత్తి ఉందా?"

ఉంది. ప్రతి లింకునీ తట్టడమే.
బోలువాటిని అడగొచ్చిన వాళ్లకి
"దొరకలేదు" అని కాదు,
"పోయింది, ఇక రాదు" అని చెప్పించాను.
నాలుగు వందల నాలుగంటే రేపు మళ్లీ వస్తాడు,
నాలుగు వందల పదంటే త్వరగా మరిచిపోతాడు.
రేవులో టికెట్లమ్మే పూటల్లో, పడవ వెళ్లిపోయాక
ఆ రెండో మాట నేనెవరికీ చెప్పలేకపోయేదాన్ని.

ఏరుతూ ఏరుతూ ఆరువేల చిల్లర దగ్గర
'మిమోజా-పొంబిన్యా-ఎస్ట్రేలా'.
అత్తరో, పట్టీల చెప్పులో అనుకున్నాను.
చెరపబోయిన వేలు ఆగి, తట్టింది.
పలికింది. గట్టిగా.

పదహారేళ్ల కిందటి పుట.
ఏ పుటనుంచీ దానికి దారి వేసినవాళ్లు లేరు.
పాల లెక్కలు చూసిన జుల్మీరా రాసింది,
మంద అమ్మేసి టెర్సెయిరా దీవికి వెళ్లేముందు.
పదమూడు ఆవుల పేర్లు.
ఏది గాలివానకి బెదురుతుందో,
ఏది ఎడంపక్క కూర్చుంటేనే చేపుతుందో.
కింద ఒక వాక్యం:
"కొన్నవాళ్లు పేర్లు మారుస్తారేమో,
పాత పేరుతో పిలిస్తే తలెత్తుతాయి."

మూలమూలలా గాలించిన దొంగ పటంలో ఉంది.
నా పటంలో లేదు.

నలభై రెండు పుటలతో పటం పంపాను.
పూర్తిగా మరవడానికి ఇంకా వారాలు పడుతుంది.
ఒలావు రోజూ అడుగుతాడు, ఇవాళ ఎన్ని గడియారాలని.
మూడొందలంటే, నిన్నటికన్నా నయమంటాడు.

మూడూ పదికి నాకే మెలకువొస్తోంది.
చీకట్లో తెరిచి లెక్కపెడతాను, నలభై రెండే.
పాస్‌వర్డుకి కొత్త పేరు పెట్టాను.
పిల్లిని పాత పేరుతోనే పిలుస్తున్నాను.